జబ్బు చేయకముందే చేయాల్సినవి: కుక్కకూ పిల్లికీ ఏ వయసులో ఏ జాగ్రత్త

మీ ఇంట్లో నాలుగేళ్ల మగ పిల్లి ఉంది. గడప దాటదు, ఇప్పటివరకు జబ్బు పడలేదు, అందుకని టీకాలేవీ వేయించలేదు. ఇప్పుడు రెండు నెలల ఆడ కుక్కపిల్లను తెచ్చుకున్నారు. దానికి ఒక టీకా పడింది. రోగం లేనప్పుడు కూడా డాక్టరు దగ్గరికి వెళ్లడం అవసరమా, అవసరమైతే వాటి జీవితకాలంలో ఎప్పుడు ఏం చేయించాలి అని అడిగారు.

అవసరమే. చాలా ఏళ్లుగా పశువైద్యుడిగా పనిచేస్తూ నేను గట్టిగా నమ్మేది ఇది: కుక్కలకూ పిల్లులకూ వచ్చే పెద్ద కష్టాల్లో చాలావాటికి ఒక సమయం ఉంటుంది. దానికి ముందు చేసే పని తేలికగా అయిపోతుంది. ఆ సమయం దాటాక అదే పని పెద్దదవుతుంది, కొన్నిసార్లు ఇక చేయడానికేమీ మిగలదు. పైగా ఈ జంతువులు, ముఖ్యంగా పిల్లులు, బాధను బయటపెట్టవు. తిండి మానేసి మూలన కూర్చునేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

కుక్కపిల్లతో మొదలుపెడతాను, దానికి గడువు దగ్గరలో ఉంది కాబట్టి.

‘ఒక టీకా పడింది’ అన్న మాట దగ్గర ఆగాను. పిల్ల పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో తల్లి నుంచి యాంటీబాడీలు అందుతాయి. అవి తొలి వారాల్లో పిల్లను కాపాడతాయి, కానీ టీకాను కూడా పనిచేయనివ్వవు. టీకాలో ఉండే బలహీనపరచిన వైరస్‌ను కూడా శత్రువుగానే చూసి తుడిచేస్తాయి. ఈ రక్షణ ఒక పిల్లకు ఆరు వారాలకే తగ్గిపోవచ్చు, మరో పిల్లకు పదహారు వారాల దాకా నిలవచ్చు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల మధ్య కూడా తేడా ఉంటుంది. మధ్యలో కొన్ని రోజులు మరీ ప్రమాదకరం: అప్పటికి తల్లి రక్షణ రోగాన్ని ఆపలేనంతగా తగ్గి ఉంటుంది, టీకాను అడ్డుకునేంత మాత్రం మిగిలి ఉంటుంది. ఆ రోజులు ఎప్పుడొస్తాయో పిల్లను చూసి చెప్పలేం. అందుకే 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా వేస్తూ పోతాం. ఏదో ఒక డోసు సరైన సమయంలో పడాలన్నదే దీని ఉద్దేశం. కాబట్టి 16 వారాలకు గానీ ఆ తర్వాత గానీ వేసే డోసు అన్నిటికంటే ముఖ్యమైనది. చాలామంది ఎగ్గొట్టేది కూడా దాన్నే, పిల్ల అప్పటికి గంతులేస్తూ ఉంటుంది కాబట్టి. ఆరు నెలలకో ఏడాదికో మరో డోసు వేస్తే, ఆ తర్వాత డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బుల టీకాలు మూడేళ్లకోసారి సరిపోతాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కు మాత్రం రక్షణ ఎక్కువకాలం ఉండదు. ఆ ముప్పు ఉన్నచోట ఏటా వేయించాలి.

వాంతులు, రక్తవిరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. కుక్కల్లో ఈ వ్యాధి ప్రపంచమంతటా బయటపడింది 1978లో. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. చేతులకు రాసుకునే ఆల్కహాల్ దీన్ని చంపలేదు. పలచగా కలిపిన బ్లీచింగ్ ద్రావణం చంపుతుంది. మీ పిల్లకు టీకాలు పూర్తయ్యేవరకు ఇతర కుక్కలు మలవిసర్జన చేసే చోట దాన్ని కింద దించకండి. అలాగని నాలుగు గోడల మధ్య కట్టిపడేయనూ వద్దు. మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల మనసు కొత్తవాటికి తెరుచుకుని ఉంటుంది. ఆ వయసులో చూసిన మనుషులు, పిల్లలు, వాహనాల చప్పుళ్లు, ఇతర జంతువులు దానికి జీవితాంతం మామూలు విషయాలవుతాయి. అప్పుడు చూడనివి తర్వాత భయపెడతాయి, భయపడిన కుక్క కరుస్తుంది. కనుక చేతుల్లో ఎత్తుకుని బయట తిప్పండి. టీకాలన్నీ పడిన ఆరోగ్యకరమైన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లండి. రోజూ దాని చెవులు, పాదాలు, నోరు తాకుతూ అలవాటు చేయండి. గోళ్లు కత్తిరించేటప్పుడు, పళ్లు తోమేటప్పుడు, డాక్టరు పరీక్షించేటప్పుడు ఈ అలవాటే అక్కరకొస్తుంది.

రేబిస్ టీకా 12 వారాల వయసు నిండాక వేస్తారు. తర్వాత ఎన్నాళ్లకోసారి అన్నది టీకా రకాన్ని బట్టి, మీరుండే చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క విషయంలో వాయిదా పనికిరాదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కల ద్వారానే వస్తుంది, లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. ఏ జంతువు కరిచినా, గోళ్లతో రక్తం వచ్చేలా గీరినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మీ పిల్లి. గడప దాటకపోయినా వైరస్ గడప దాటి లోపలికి వస్తుంది. పిల్లుల్లో ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియా వైరస్ పార్వోకు దగ్గరి చుట్టమే. చెప్పులకు, బట్టలకు అంటుకుని ఇంట్లోకి చేరగలదు. నాలుగేళ్ల వయసులో మొదలుపెట్టడం ఆలస్యమేమీ కాదు. పాన్‌ల్యూకోపీనియాకు, జలుబులా కనిపించే హెర్పిస్, కాలిసి వైరస్‌లకు కలిపి ఉండే టీకా రెండు డోసులు, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో వేయించండి. ఆపై డాక్టరు చెప్పిన సమయానికి ఒక బూస్టరు, తర్వాత మూడేళ్లకోసారి. రేబిస్ టీకా దీనికీ కావాలి. తెరిచిన తలుపులోంచి ఒక్కసారి బయటికి పారిపోవడం ఏ పిల్లి విషయంలోనైనా జరగగల పనే. సూది వేసిన చోట చిన్న గడ్డ కడితే కంగారు పడకండి, కానీ కొలిచి రాసిపెట్టుకోండి. అది మూడు నెలలు దాటినా ఉన్నా, రెండు సెంటీమీటర్లు మించినా, నెల తర్వాత ఇంకా పెరుగుతున్నా డాక్టరుకు చూపించాలి. పిల్లుల్లో అరుదుగా అక్కడ క్యాన్సర్ మొదలవుతుంది.

నులిపురుగుల విషయంలో కుక్కపిల్లను చూసి మోసపోవద్దు. ఏలికపాముల పిల్లపురుగులు తల్లి కండరాల్లో నిద్రాణంగా ఉండి, అది చూలుతో ఉన్నప్పుడు మేల్కొని గర్భంలోని పిల్లల్లోకి చేరతాయి. అంటే తల్లి బలంగా ఉన్నా, పుట్టే పిల్ల పురుగులతోనే పుడుతుంది. పిల్లి కూనలకైతే పాల ద్వారా చేరతాయి. అందుకే కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకోసారి, రెండు నెలలు దాటాక ఆరు నెలల దాకా నెలకోసారి మందు పడాలి. పెద్దవాటికి మూడు నెలలకోసారి అన్నది చాలా ఇళ్లకు సరిపోయే లెక్క. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. ప్రతిసారీ తూచి ఇవ్వండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఈ పురుగుల గుడ్లు మట్టి ద్వారా పిల్లల కడుపులోకి చేరితే కాలేయానికీ కంటికీ హాని చేయగలవు. తాజా మలంలోని గుడ్లకు సోకే శక్తి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. మలాన్ని వెంటనే తీసేస్తే సగం పోరాటం గెలిచినట్టే.

బొచ్చులో దూకే ఫ్లీ పురుగులు ఒంటిమీద కనిపించేవి కొన్నే. గుడ్లు, పిల్లపురుగులు, గూళ్లలో దాగినవి చాలావరకు పరుపుల్లో, నేల సందుల్లో ఉంటాయి. కుక్కకు ఒక్కసారి మందు రాసి, మళ్లీ పురుగులు కనబడగానే మందు పనిచేయలేదనుకుంటారు. నిజానికి గూళ్లలోంచి కొత్తవి బయటికొస్తూ ఉంటాయి. ఇంట్లోని జంతువులన్నిటికీ ఒకేసారి, వరుసగా కనీసం మూడు నెలలు వాడాలి. ఫ్లీని మింగినప్పుడు బద్దెపురుగు కూడా లోపలికి వెళ్తుంది. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కదులుతూ కనిపిస్తే అది బద్దెపురుగే.

ఇక్కడ కుక్కా పిల్లీ రెండూ ఉన్న ఇంటికి ఒక హెచ్చరిక. కుక్కల కోసం తయారైన కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. అది పిల్లికి విషం. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు; వణుకు, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. పిల్లికి రాయడమే కాదు, మందు తడి ఆరని కుక్కను ఆనుకుని పడుకున్నా ప్రమాదమే. మీ కుక్కకు ఏ మందు కొన్నా ముందు అట్టపెట్టె మీద ఆ పేరు ఉందేమో చూడండి. ఇదే వరుసలో మరొకటి: జ్వరంగా ఉందని పిల్లికి పారాసిటమాల్ ఇవ్వకండి, ఒక్క మాత్ర చాలు దాన్ని చంపడానికి. లిల్లీ మొక్క ఆకు, పుప్పొడి, ఆఖరికి కుండీలో నీరు కూడా పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తాయి. కుక్కకు ద్రాక్ష, చాక్లెట్, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ ప్రమాదకరం. ఉల్లిపాయ రెండిటికీ పడదు.

పిడుదులను వేలితో చిదమవద్దు. చర్మానికి దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా నిటారుగా లాగాలి. వేళ్ల సందులు, చెవి లోపలి మడతలు, మెడపట్టీ కింద రోజూ వెతకండి. దోమల ద్వారా వచ్చే హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) ఉన్న ప్రాంతమైతే నెలనెలా ఇచ్చే మందుంది. అది లేత పురుగులను చంపుతుంది గానీ గుండె దాకా చేరి ముదిరిన వాటిని తీయలేదు. ఆలస్యంగా మొదలుపెట్టేవారు, మధ్యలో మానేసినవారు ముందు జంతువుకు రక్తపరీక్ష చేయించాలి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి మీరు అడగలేదు, కానీ మీది ఆడ కుక్కపిల్ల కాబట్టి చెప్పాలి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే ముప్పు ఎక్కువవుతుంది. ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు విపరీతంగా నీళ్లు తాగడం, మందకొడిగా ఉండటం, జననాంగం నుంచి చీము కారడం దాని గుర్తులు. కొన్నిసార్లు చీము బయటికి రాదు, అది ఇంకా ప్రమాదం. త్వరగా చేయిస్తే రొమ్ము కణితుల ముప్పు కూడా తగ్గుతుంది. చిన్న జాతులకు ఆరు నెలల దగ్గర చేయించవచ్చు. పెద్ద జాతులకు ఎముకలు, కీళ్లు ఎదగడానికి ఏడాది లేదా ఇంకొంచెం ఎక్కువ ఆగమని చెబుతాను. పిల్లులైతే నాలుగు నెలలకే చూలు కట్టగలవు కాబట్టి ఐదు నెలలకే చేయించాలి. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సిన తిండి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఆ వారం నుంచే గిన్నెలో కొలత తగ్గించండి.

బరువు దగ్గర నేను మొహమాటపడను. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 48 లాబ్రడార్లను పిల్లలుగా ఉన్నప్పటి నుంచి చివరిదాకా గమనించారు. జతలుగా విడదీసి, ఒకదానికి రెండోదానికన్నా పావువంతు తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. కీళ్ల అరుగుదల కూడా తక్కువ తిన్నవాటిలో ఆలస్యంగా వచ్చింది. ఇంత ఆయుష్షు పెంచే మాత్ర నా దగ్గర ఒక్కటీ లేదు. ఎలా తెలుసుకోవాలంటే, మీ అరచేతిని కిందికి తిప్పి చాచండి. రెండో చేతి వేళ్లతో దాని వెనకవైపు తడిమితే ఎముకలు పలచని చర్మం కింద తేలికగా తగులుతాయి. జంతువు పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే చిక్కిపోయినట్టు. అరచేతి లోపలివైపులా మెత్తగా ఉండి ఎముక వెతుక్కోవలసి వస్తే లావెక్కినట్టు. బొచ్చు ఎక్కువున్న జంతువును కంటితో చూసి చెప్పలేం, చేత్తోనే తెలుస్తుంది. లావెక్కిన పిల్లిని మాత్రం పస్తు పెట్టకండి. రెండు రోజులు తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. నెలల మీద నెమ్మదిగా తగ్గించాలి.

తిండి రకం మాట కూడా ఇక్కడే. పిల్లి మాంసాహారి, అది మార్చగలిగింది కాదు. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం దానికి తిండి ద్వారానే అందాలి. అది చాలకపోతే గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో తేలింది. చూపు కూడా పోతుంది. కుక్క తిండి పిల్లికి పెట్టకండి.

పళ్ల గురించి ఎంత చెప్పినా వినేవారు తక్కువ. కుక్కపిల్లకు 28 పాలపళ్లు రాలి 42 శాశ్వత పళ్లు వస్తాయి, పిల్లికి 26 పోయి 30 వస్తాయి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య నోరు తెరిచి చూడండి. పాత కోరపన్ను రాలకుండా కొత్తది పక్కనే మొలిస్తే తీయించాలి. మూడేళ్లు వచ్చేసరికి ఎక్కువ జంతువుల్లో చిగుళ్ల జబ్బు మొదలై ఉంటుంది. నోటి దుర్వాసన ‘కుక్క వాసనే కదా’ అని కొట్టిపారేయవద్దు, అది చిగుళ్ల కింద చేరిన బ్యాక్టీరియా వాసన. మొదటి వారం వేలికి జంతువుల పేస్టు రాసి నాకనివ్వండి, రెండో వారం పెదవి ఎత్తి పళ్ల బయటివైపు వేలితో రుద్దండి, ఆ తర్వాత మెత్తని బ్రష్ పట్టండి. లోపలివైపు జోలికి పోనక్కర్లేదు. మనుషుల పేస్టు వద్దు, అవి ఉమ్మలేవు, మింగుతాయి. మత్తు ఇవ్వకుండా గార గీకి తెల్లగా చేసి పంపే పద్ధతికి ఒప్పుకోకండి. జబ్బంతా చిగురు కింద ఉంటుంది, అక్కడికి మత్తు లేకుండా చేరలేం. బొటనవేలి గోరు దిగని గట్టి ఎముకలు నమలనిస్తే పై దవడలోని పెద్ద పన్ను పగులుతుంది.

మీది మగ పిల్లి కాబట్టి ఇది బాగా గుర్తుంచుకోండి. మగ పిల్లి మూత్రనాళం చాలా సన్నం. స్ఫటికాలో, జిగురు పదార్థమో అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. పిల్లి మాటిమాటికీ లిట్టర్ ట్రేలోకి (మలమూత్రాల కోసం ఇసుక పోసి పెట్టే పళ్లెం) వెళ్తుంది, వంగి కూర్చుని ముక్కుతుంది, ఒక్కోసారి మూలుగుతుంది, జననాంగం నాక్కుంటూ ఉంటుంది. ట్రే మాత్రం పొడిగానే ఉంటుంది. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని తెల్లారేదాకా ఆగుతారు. ఆగకండి. రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోతుంది. అర్ధరాత్రయినా తీసుకెళ్లాల్సిందే. ఇది రాకుండా ఉండటానికి నీళ్లు ఎక్కువ తాగించాలి. తడి ఆహారం పెట్టండి, నీటి గిన్నెలు తిండికి దూరంగా రెండు మూడు చోట్ల ఉంచండి. ట్రేలు పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ఉండాలి, అంటే మీకు రెండు. కుక్కపిల్ల చేరలేని చోట పెట్టండి. దానికి భయపడి పిల్లి మూత్రం బిగబట్టుకోవడం ఈ జబ్బుకు దారి తీయగలదు.

లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లోనూ ఇంతే తొందర అవసరమైన స్థితి ఒకటుంది: కడుపు ఉబ్బి, వాంతి రాకుండా ఓకరిస్తూ, నిలవలేక తిరుగుతుంటే జీర్ణాశయం మెలితిరిగిందని అనుమానించి గంటలు కాదు, నిమిషాలు లెక్కపెట్టాలి. ఇలాంటి జాతులకు ఆడకుక్క ఆపరేషన్‌తో పాటే జీర్ణాశయాన్ని పొట్ట లోపలి గోడకు కుట్టించేయవచ్చు.

ఏడెనిమిదేళ్లు దాటాక, చాలా పెద్ద జాతి కుక్కలైతే ఐదారేళ్లకే, ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించాలి. మూత్రపిండాల పనితనంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడపోసే వ్యర్థం) మామూలు హద్దు దాటకపోవచ్చు. ఎస్‌డీఎంఏ అనే పరీక్ష, మూత్రపరీక్ష ఇంకా ముందే చెబుతాయి. పిల్లులకు రక్తపోటు కూడా చూడాలి; అదుపు తప్పితే ఉన్నట్టుండి చూపు పోతుంది. బాగా తింటూనే చిక్కిపోతున్న ముసలి పిల్లికి థైరాయిడ్ ఎక్కువై ఉండవచ్చు, లేదా మధుమేహం. ఇంట్లో మీరు చేయగలిగిన మంచి పని నెలకోసారి తూచి రాసుకోవడం. నాలుగు కిలోల పిల్లి 300 గ్రాములు తగ్గితే కంటికి కనబడదు, కానీ అది అరవై కిలోల మనిషి నాలుగున్నర కిలోలు తగ్గడంతో సమానం. గాఢనిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతుందో నిమిషం పాటు లెక్కపెట్టండి. కుక్కయినా పిల్లయినా 30 లోపు ఉండాలి. రోజూ అంతకు మించుతుంటే గుండెను పరీక్షించాలి.

‘వయసైపోయింది, అందుకే మందగించింది’ అన్న మాట నాకు బాధ కలిగిస్తుంది. పిల్లి బల్ల మీదికి ఒకే గెంతులో ఎక్కేది, ఇప్పుడు కుర్చీ మీదికి ఎక్కి అక్కడి నుంచి వెళ్తోంది. వీపు మీద బొచ్చు నాక్కోలేక ఉండలు కడుతోంది. కుక్క మెట్ల దగ్గర ఒక క్షణం ఆగి ఆలోచిస్తోంది. ఇవి చాలావరకు కీళ్ల నొప్పులే, వాటికి మందులున్నాయి. రాత్రుళ్లు ఊరికే తిరగడం, తెలిసిన గదిలో దారి తప్పడం మెదడు క్షీణతకు గుర్తులు కావచ్చు, అవీ డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. కుక్కపిల్లను ఈ వారమే తీసుకెళ్లి, మొదటి టీకా వేసిన తేదీ చూపించి, 16 వారాల డోసు ఏ రోజున పడుతుందో క్యాలెండర్‌లో రాయించుకోండి. వెంట దాని తాజా మలం కొంచెం మూత ఉన్న డబ్బాలో తీసుకెళ్లండి. పిల్లిని వేరే రోజున తీసుకెళ్లండి. ప్రయాణపు పెట్టెను ఇవాళే అటక మీది నుంచి దించి, మూత తెరిచి, లోపల అది రోజూ పడుకునే గుడ్డ పరిచి హాల్లో ఉంచండి. తిండి కూడా అందులోనే పెడుతూ ఉంటే కొన్ని రోజుల్లో తనంతట తానే ఎక్కి పడుకుంటుంది. అపాయింట్‌మెంట్ తేదీ దాన్ని బట్టి పెట్టుకోండి. పిల్లికి రెండో డోసు పడేదాకా కుక్కపిల్ల గిన్నెలు, పడక పిల్లి వాటితో కలపకండి.